అర సెకను మాటకు ఎన్ని బిట్లు?

ఫోన్లో అవతలివాళ్లు ఏదో కబురు చెప్పగానే మనం "అవునా" అంటాం. ఆ మాట పలకడానికి సుమారు అర సెకను పడుతుంది. దాన్నే మెసేజ్‌గా టైపు చేసి పంపితే అయిదు యూనికోడ్ గుర్తులు, ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 120 బిట్లు. డిజిటల్ ల్యాండ్‌లైన్ మీద పలికితే 32,000 బిట్లు. తొలినాటి జీఎస్‌ఎం సెల్‌ఫోన్లో 6,500. ఇంటర్నెట్ ఫోన్లలో చాలాకాలం వాడిన జి.729 పద్ధతిలో 4,000. సిగ్నల్ బాగా బలహీనపడ్డప్పుడు సెల్‌ఫోను దిగివచ్చే అట్టడుగు స్థాయిలో 2,375.

120కీ 32,000కీ మధ్య ఇంత తేడా ఎందుకుంది? టైపు చేసిన "అవునా"లో ఆశ్చర్యం ఉందో, అనుమానం ఉందో, వెటకారం ఉందో తెలియదు. పలికింది అక్కో, బావో, జలుబు చేసిన మేనమామో తెలియదు. పలికిన మాటలో ఇవన్నీ ఉంటాయి. వాటికి కొన్ని బిట్లు కావాల్సిందే. అయితే 32,000 అక్కర్లేదు. ఎన్ని కావాలి, ఏవి వదిలేసినా చెవికి లోటు తెలియదు అని తేల్చే శాస్త్రమే స్పీచ్ కోడింగ్. అందులో ఎన్నో ఉపాయాలున్నా వాటన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే: పంపేవారికీ అందుకునేవారికీ ముందే తెలిసిన సంగతిని మళ్లీ పంపనక్కర్లేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఎంత ఎక్కువ తెలిస్తే తీగ మీద అంత తక్కువ పంపవచ్చు. ఈ రంగం చరిత్రంతా ఆ ఉమ్మడి జ్ఞానం పెరుగుతూ వచ్చిన చరిత్రే.

అలను అంకెల్లోకి దించడం

మాట అంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. మైక్రోఫోను వాటిని విద్యుత్ అలగా మారుస్తుంది. ఆ అల ఎత్తును క్రమం తప్పకుండా కొలిచి, ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా రాసుకుంటే అది డిజిటల్ మాట అవుతుంది. పారిస్‌లో ఐటీటీ సంస్థ ప్రయోగశాలలో పనిచేస్తున్న బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్ 1937లో ఈ పద్ధతి ఆలోచించి, మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నాడు. అప్పటి వాల్వులతో అది గిట్టుబాటయ్యే పని కాలేదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక, 1962లో అమెరికాలోని బెల్ కంపెనీ రెండు జతల రాగి తీగల మీద ఒకేసారి 24 కాల్స్ నడిపించింది.

అలను ఎంత తరచుగా కొలవాలి? అందులో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు. మాట అర్థం కావడానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉంటే చాలని టెలిఫోన్ ఇంజనీర్లు నిర్ణయించుకున్నారు. 3,400కు రెట్టింపు 6,800. కాస్త వెసులుబాటు కలిపి సెకనుకు 8,000 కొలతలు అని ఖాయం చేశారు.

ఈ కోతలో కొంత నష్టం ఉంది. "స" పలికినప్పుడు వచ్చే బుస ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది కాబట్టి టెలిఫోన్లో అది తెగిపోతుంది. ఫోన్లో ఇంటిపేరు స్పెల్లింగ్ చెబుతుంటే "ఎస్సా, ఎఫ్ఫా?" అని అవతలివాళ్లు అడగడానికి కారణం అదే. కిందివైపు కూడా కోత ఉంది. మగవాళ్ల గొంతు మూల పౌనఃపున్యం సాధారణంగా 100, 150 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అది ఫోన్లో అవతలికి చేరనే చేరదు. అయినా నాన్న గొంతు నాన్న గొంతులాగే వినిపిస్తుంది. ఆ మూలానికి రెట్లుగా ఉండే పై స్వరాలు వినగానే కింద ఏది ఉండాలో మన మెదడు తనంతట తానే పూరించుకుంటుంది. వినేవారి మెదడుకు ముందే తెలిసినదాన్ని పంపకుండా మిగుల్చుకోవడం టెలిఫోన్ పుట్టిన నాటి నుంచే ఉందన్నమాట.

ఇక ఒక్కో కొలతకు ఎన్ని బిట్లు? 8 బిట్లు ఇస్తే 256 స్థాయిలు రాయవచ్చు. వాటిని సమాన దూరాల్లో పేరిస్తే గట్టి గొంతుకు సరిపోతాయి. మెల్లగా మాట్లాడేవారి అల మాత్రం సున్నా చుట్టూ నాలుగైదు స్థాయిల్లోనే తిరుగుతూ గరగరలాడుతుంది. అందరికీ సరిపోవాలంటే 12, 13 బిట్లు కావాలి. ఇక్కడ చెవి స్వభావం పనికొచ్చింది. పెద్ద శబ్దంలో కొంచెం పెద్ద తప్పున్నా చెవి పట్టించుకోదు. చిన్న శబ్దంలో చిన్న తప్పునే పట్టేస్తుంది. కాబట్టి సున్నా దగ్గర స్థాయిలను దగ్గరదగ్గరగా, పైకి వెళ్లేకొద్దీ ఎడం రెట్టింపయ్యేలా అమర్చారు. 8 బిట్లలో మొదటిది అల పైకా కిందికా చెబుతుంది, తర్వాతి మూడు ఏ భాగమో, చివరి నాలుగు ఆ భాగంలో ఏ స్థాయో చెబుతాయి. యూరప్, భారత్ వాడేది ఎ-లా, అమెరికా, జపాన్ వాడేది మ్యూ-లా. 1972లో జి.711 పేరుతో ఈ రెండూ అంతర్జాతీయ ప్రమాణం అయ్యాయి. సెకనుకు 8,000 కొలతలు, ఒక్కోదానికి 8 బిట్లు: 64,000 బిట్లు. తర్వాత వచ్చిన ప్రతి పద్ధతినీ ఈ సంఖ్యతోనే పోల్చి చూస్తారు.

ముందుగా ఊహించి, తప్పును మాత్రమే పంపడం

సెకనులో ఎనిమిది వేలో వంతు వ్యవధిలో అల పెద్దగా మారదు. ఇప్పటి కొలత ఇందాకటి కొలతకు దగ్గరగానే ఉంటుంది. అందుకని కొలతను పంపకుండా, వెనకటి కొలతలను బట్టి దాన్ని ముందే ఊహించి, ఊహకూ వాస్తవానికీ ఉన్న తేడాను మాత్రం పంపవచ్చు. తేడా చిన్నది కాబట్టి తక్కువ బిట్లు చాలు. అందుకునే ఫోను కూడా అదే సూత్రంతో అదే ఊహ చేసుకుని, వచ్చిన తేడాను కలుపుకుంటుంది.

చెప్పడానికి తేలికే కానీ, ఇందులో ఒక మెలిక ఉంది. పంపే ఫోను దేన్ని చూసి ఊహించాలి? తన దగ్గరున్న అసలు కొలతలను చూసి ఊహిస్తే అందుకునే ఫోను ఊహ వేరుగా ఉంటుంది. ఎందుకంటే దాని దగ్గర అసలు కొలతలు లేవు, సర్దుబాటు చేసి పంపిన కొలతలే ఉన్నాయి. ఇద్దరి ఊహల మధ్య ఆ చిన్న తేడా క్షణక్షణానికీ పోగుపడి కాసేపటికి మాట చెడిపోతుంది. అందుకే పంపే ఫోను తన లోపల అందుకునే ఫోను నమూనాను కూడా ఒకటి నడుపుతూ, అవతల ఏం వినిపిస్తుందో అదే చూసి ఊహిస్తుంది. అసలు విషయం తనకు తెలిసినా అవతలికి తెలియనిది వాడుకోకూడదు. ఉమ్మడి జ్ఞానం అనే మాటకు ఇదీ అసలైన అర్థం.

ఆ తేడాను కొలిచే మెట్టు ఎత్తు కూడా గొంతు హెచ్చుతగ్గులను బట్టి మారుతూ ఉండాలి. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కమిస్కీ, జయంత్, ఫ్లానగన్ ఆ పద్ధతిని చూపించారు. వీరిలో ఎన్.ఎస్. జయంత్ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి వెళ్లినవాడు. తేడా పెద్దగా వస్తే తర్వాతి మెట్టును పెంచడం, చిన్నగా వస్తే తగ్గించడం వారి ఉపాయం. మెట్టు ఎంత మారిందో విడిగా పంపనక్కర్లేదు. వచ్చిన బిట్లను చూస్తే రెండు వైపులా అదే లెక్క తేలుతుంది. కొలతకు 4 బిట్లతో, అంటే సెకనుకు 32,000 బిట్లతో, 64,000 బిట్లకు దగ్గరి నాణ్యత వచ్చింది. అదే తీగ మీద కాల్స్ రెట్టింపయ్యాయి.

గొంతు నిర్మాణాన్నే లెక్కగా రాయడం

ఇంతవరకు చెప్పినవన్నీ అల ఆకారాన్ని కాపాడే పద్ధతులు. ఆ అల ఎలా పుట్టిందో వాటికి పట్టదు. అది పట్టించుకున్నవాడు బెల్ ల్యాబ్స్‌కు చెందిన హోమర్ డడ్లీ. ఆయన గమనించింది ఇది: నోట్లో నాలుక, పెదవులు, దవడ కదిలేది నింపాదిగా. సెకనుకు పది, పదిహేను ధ్వనులకు మించి మామూలుగా పలకలేం. వేలసార్లు ఊగేది వాటిమీదుగా వెళ్లే గాలి మాత్రమే. కాబట్టి గాలి ఊగిసలాటను పంపడం కాకుండా నోటి ఆకారాన్నీ, గొంతులో పుట్టే శబ్దం రకాన్నీ పంపితే చాలు. అవతల ఒక యంత్రం మాటను కొత్తగా పలుకుతుంది.

శబ్దం రకం అంటే స్థూలంగా రెండు. స్వరపేటికలోని తంత్రులు అదిరితే ఒక రకం, అదరకుండా గాలి మాత్రమే ఒరుసుకుంటూ వెళితే రెండో రకం. తెలుగు వ్యాకరణం క, చ, ట, త, పలను పరుషాలనీ, గ, జ, డ, ద, బలను సరళాలనీ విడదీసింది దాదాపుగా ఈ తేడానే. పరుషాల్లో తంత్రులు అదరవు, సరళాల్లో అదురుతాయి. అదిరినప్పుడు ఎంత వేగంగా అదిరాయన్నది గొంతు శ్రుతి. "అవునా" ఆశ్చర్యమో వెటకారమో చెప్పేది ముఖ్యంగా ఈ శ్రుతి ఎక్కి దిగే తీరే. తంత్రులు సరిగ్గా ఏ క్షణంలో మూసుకున్నాయో మాట నుంచి పట్టుకోవడం సులువు కాదు. శ్రీరామమూర్తి, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి చెందిన బి. యజ్ఞనారాయణ 2008లో ప్రచురించిన పద్ధతి ఈ సమస్య మీద పేరున్న పరిశోధనల్లో ఒకటి.

డడ్లీ యంత్రం పేరు వొకోడర్. రెండో ప్రపంచ యుద్ధంలో అది రహస్య సంభాషణలకు ఆధారమైంది. 1943 జులైలో వాషింగ్టన్, లండన్ మధ్య మొదలైన సిగ్‌సాలీ వ్యవస్థ మాటను పది పౌనఃపున్య పట్టీల బలాలుగా, శ్రుతిగా విడదీసి, అంకెలుగా మార్చి, రహస్య సంకేతంతో కలిపి పంపేది. ఒక్కో కేంద్రంలో యంత్రాల బరువు 50 టన్నుల పైమాటే. సంకేతం కోసం యాదృచ్ఛికమైన రొద నింపిన గ్రామఫోను రికార్డులను రెండేసి ప్రతులు చేసి, చెరో చివరా ఒకటి తిప్పేవారు. మాట అర్థమయ్యేది కానీ మరమనిషి పలికినట్టుండేది.

ఆ యంత్రపు గొంతును మనిషి గొంతుకు దగ్గరగా తెచ్చిన లెక్క 1960లలో రెండు చోట్ల విడివిడిగా పుట్టింది. జపాన్‌లో ఎన్‌టీటీ సంస్థలో ఇటకురా, సైటో ఒకవైపు. ఇంకోవైపు బెల్ ల్యాబ్స్‌లో బిష్ణు అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్. అటల్ కాన్పూరులో పుట్టి, లక్నోలో, బెంగళూరులో చదివి, 1961లో బెల్ ల్యాబ్స్‌లో చేరినవాడు. ఆ లెక్క పేరు లీనియర్ ప్రిడిక్షన్. ఇప్పటి కొలత వెనకటి పది కొలతల మిశ్రమం అనుకుని, ఏ కొలతకు ఎంత వంతు ఇస్తే ఊహ తప్పు కనిష్ఠంగా ఉంటుందో కనిపెట్టడం. ఆ పది వంతులూ కేవలం ఊహకు పనికొచ్చే సంఖ్యలు కావు. ఆ క్షణంలో గొంతు, నోరు ఏ ఆకారంలో ఉండి ఏ పౌనఃపున్యాలను పెంచుతున్నాయో అవి చెప్పేస్తాయి. అటు అల ఊహ, ఇటు గొంతు నమూనా రెండూ ఒకే లెక్కలో కలిశాయి.

ఆ పది సంఖ్యలను పంపడంలో ఒక ప్రమాదం ఉంది. బిట్లు ఆదా చేద్దామని వాటిని కాస్త అటూ ఇటూ సవరిస్తే అవతల గొంతులా పనిచేసే ఫిల్టర్ అదుపు తప్పి కూత వేయవచ్చు. కోడ్ రూపకల్పనలో తేలిన పాఠం ఏమిటంటే, ఏ విషయం పంపాలో తేల్చుకుంటే సరిపోదు, దాన్ని ఏ రూపంలో రాయాలో కూడా ఆలోచించాలి. 1975లో ఇటకురా ఆ పది సంఖ్యలనూ పది పౌనఃపున్యాలుగా మార్చి రాసే పద్ధతి చూపించాడు. అవి ఎప్పుడూ చిన్న నుంచి పెద్దకు వరసలో ఉంటాయి. ఆ వరస చెడనంతవరకు, ఎంత సవరించినా ఫిల్టర్ అదుపు తప్పదు. 1990ల నుంచి సెల్‌ఫోన్లలోని మాటను కుదించి తిరిగి విప్పే ప్రధాన కోడెక్‌లు గొంతు ఆకారాన్ని ఈ రూపంలోనే పంపుతున్నాయి.

1978లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లీనియర్ ప్రిడిక్షన్ లెక్కను ఒకే చిప్‌లో ఇమిడ్చి పిల్లలకు స్పెల్లింగ్ నేర్పే "స్పీక్ అండ్ స్పెల్" బొమ్మను అమ్మింది. అమెరికా సైన్యం ఎల్‌పీసీ-10 పేరుతో సెకనుకు 2,400 బిట్ల ప్రమాణం తెచ్చుకుంది. దాంట్లో 22.5 మిల్లీసెకన్ల మాటకు 54 బిట్లే. అర్థమయ్యేది, మనిషి మాత్రం గుర్తుపట్టేలా ఉండేవాడు కాదు.

260 బిట్ల జమాఖర్చు

జీఎస్‌ఎం నెట్‌వర్క్ మొదట 1991లో ఫిన్‌లాండ్‌లో మొదలైంది. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రాంకు చేశారు. ఆనాటి ఫోన్లు వాడిన కోడ్ జమాఖర్చు చూస్తే రూపకర్తలు ఎంత లెక్కగా ఖర్చుపెట్టారో తెలుస్తుంది.

20 మిల్లీసెకన్ల మాటను, అంటే 160 కొలతలను, ఒక ఫ్రేమ్‌గా తీసుకుంటారు. దానికి కేటాయించింది 260 బిట్లు. అందులో 36 బిట్లు గొంతు ఆకారానికి. ఆ ఫ్రేమ్‌ను నాలుగు పాయలు చేసి ఒక్కో పాయకు 56 బిట్లు ఇచ్చారు. ఆ 56లో శ్రుతి వ్యవధికి 7, దాని బలానికి 2. ఇవి రెండూ "ఇంతకుముందు ఫలానా చోట ఉన్న అలనే మళ్లీ ఇంత మోతాదులో వాడుకో" అని చెబుతాయి. గొంతు ఆకారాన్నీ, శ్రుతినీ తీసేశాక మిగిలిన శేషంలో ప్రతి మూడో కొలతనే ఉంచి, అలా 13 కొలతలను పంపుతారు. అవి ఎక్కడ మొదలయ్యాయో చెప్పడానికి 2 బిట్లు, వాటిలో పెద్దదాని ఎత్తుకు 6, ఒక్కో కొలతకు 3 చొప్పున 39. నాలుగు పాయలకు 224, దానికి 36 కలిపితే 260. సెకనుకు 50 ఫ్రేములు: 13,000 బిట్లు. తెలుగులో హ్రస్వం కొన్ని ఫ్రేములు నడిస్తే దీర్ఘం దానికి దాదాపు రెట్టింపు నడుస్తుంది కాబట్టి "పల", "పాల" తేడా ఈ కోతలో చెక్కుచెదరదు.

అయితే గాలిలో వెళ్లే బిట్లు దారిలో చెడిపోతాయి. అన్ని బిట్లూ చెడినా ఒకే నష్టం ఉండదు. గొంతు ఆకారంలో పెద్ద బిట్టు తారుమారైతే మాటే పాడవుతుంది. 13 కొలతల్లో ఏదో ఒకదాని చిన్న బిట్టు చెడితే ఎవరికీ తెలియదు. అందుకని 260 బిట్లను ప్రాధాన్యం ప్రకారం మూడు తరగతులు చేశారు. అతిముఖ్యమైన 50 బిట్లకు తప్పు పట్టే గుర్తులూ, తప్పు దిద్దే రక్షణా రెండూ ఉంటాయి. తర్వాతి 132కు దిద్దే రక్షణ మాత్రం ఉంటుంది. చివరి 78 ఏ రక్షణా లేకుండా వెళతాయి. మొత్తం కలిపి గాలిలోకి వెళ్లేది 456 బిట్లు. ఆ 50లో దిద్దలేని తప్పు కనబడితే ఫోను ఆ ఫ్రేమ్‌ను పారేసి వెనకటి ఫ్రేమ్‌నే మళ్లీ పలికిస్తుంది. ఇలా వరసగా పోతూ ఉంటే శబ్దాన్ని మెల్లగా తగ్గించేస్తుంది. లిఫ్టులోకి వెళ్లినప్పుడు అవతలి గొంతు సాగినట్టయి మాయమవడం అందుకే.

ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒక్కొక్కరు సగం సమయమే మాట్లాడతారు. మిగతా సగంలో పంపడం ఆపేస్తే బ్యాటరీ కలిసొస్తుంది. కానీ పూర్తి నిశ్శబ్దం వినబడితే మనం వెంటనే "హలో, లైన్లో ఉన్నారా?" అంటాం. అందుకని అందుకునే ఫోను అవతలి గది రొదను పోలిన చిన్న రొదను తానే పుట్టించి వినిపిస్తుంది. అప్పుడు వినిపించే హోరు మన చేతిలోని ఫోను చేసే కల్పన.

ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం

1985లో అటల్, ష్రోడర్ ఇంకో అడుగు వేశారు. గొంతు ఆకారాన్నీ, శ్రుతినీ తీసేశాక మిగిలే శేషం చూడటానికి యాదృచ్ఛికమైన రొదలాగే ఉంటుంది. అలాంటప్పుడు ఆ శేషాన్ని కొలత కొలతగా పంపడం ఎందుకు? 40 కొలతల పొడవుండే 1,024 రొద ముక్కలను ముందే తయారుచేసి రెండు వైపులా ఉంచుకుంటే, వాటిలో అసలుకు బాగా దగ్గరగా వచ్చే ముక్క నంబరు పంపితే సరిపోతుంది. ఇరు ఇళ్లలోనూ ఒకే పంచాంగం ఉన్నప్పుడు ముహూర్తం రోజు తిథి చెబితే చాలదూ, సూర్యోదయం నుంచి నక్షత్రం దాకా ఏకరువు పెట్టనక్కర్లేదు కదా, అలాగే. 1,024లో ఒక నంబరు చెప్పడానికి 10 బిట్లు. 40 కొలతలకు 10 బిట్లంటే కొలతకు పావు బిట్టు! దీన్నే సెల్ప్ పద్ధతి అంటారు.

ఆ ముక్కను ఎంచుకోవడంలోనే కష్టమంతా ఉంది. పంపే యంత్రం ప్రతి ముక్కనూ తన లోపలి గొంతు నమూనాలోంచి పంపి, మాటగా మార్చి, అసలు మాటతో పోల్చి చూడాలి. పోల్చేటప్పుడు కూడా చెవి లెక్కే వాడాలి. గొంతు బలంగా ఉన్న పౌనఃపున్యాల దగ్గర తప్పు ఉన్నా ఆ బలమైన ధ్వనే దాన్ని కప్పేస్తుంది. బలహీనంగా ఉన్నచోట తప్పు బయటపడుతుంది. కాబట్టి రెండో చోటి తప్పుకు ఎక్కువ జరిమానా వేస్తారు. మొదటి ప్రయోగంలో ఒక్క సెకను మాటకు ఆనాటి క్రే-1 సూపర్ కంప్యూటర్ రెండు నిమిషాలకు పైగా శ్రమించింది.

ఈ భారాన్ని దించింది కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వారి ఆలోచన. పుస్తకాన్ని రాసి దాచుకోవడం మానేసి, నియమంతో పుట్టించారు. 40 స్థానాల్లో నాలుగే నాలుగు పోట్లు, ప్రతిదీ పైకో కిందికో, మిగతావన్నీ సున్నాలు. 1996 నాటి జి.729లో ఆ నాలుగు పోట్ల స్థానాలకు 13 బిట్లు, దిశలకు 4, మొత్తం 17 బిట్లు. లక్షా ముప్పై వేలకు పైగా ముక్కలున్న పుస్తకం, కానీ ఒక్క పేజీ కూడా ఎక్కడా దాచిపెట్టలేదు. సున్నాలే ఎక్కువ కాబట్టి వెతుకులాటలో గుణకారాలు చాలామటుకు తప్పాయి. సూపర్ కంప్యూటర్ చేసిన పని పదేళ్లు తిరిగేసరికి అరచేతిలోని చిప్‌కు అందింది.

1999లో వచ్చిన ఏఎంఆర్ కోడెక్‌లో సెకనుకు 12,200 నుంచి 4,750 బిట్ల వరకు ఎనిమిది స్థాయిలున్నాయి. సిగ్నల్ తగ్గితే అది మాటకిచ్చే బిట్లను తగ్గించుకుంటుంది. వింతగా అనిపించినా అప్పుడే మాట బాగా వినబడుతుంది. జీఎస్‌ఎం దారి మీద మాటకూ రక్షణకూ కలిపి ఉండేది సెకనుకు 22,800 బిట్లు. మాట 12,200 తీసుకుంటే రక్షణకు 10,600 మిగులుతాయి. మాట 4,750కి సర్దుకుంటే రక్షణకు 18,050 దక్కుతాయి. మాట కాస్త మొరటుగా అయినా చేరుతుంది. సన్నగా చెక్కి పంపినా దారిలో పోతే ఏం లాభం?

పుస్తకంలో లేనిది వస్తే?

ఉమ్మడి జ్ఞానానికి ఒక ఖరీదు ఉంది. ఈ కోడ్‌లన్నిటికీ తెలిసింది ఒక మనిషి గొంతు: ఒకే శ్రుతి, ఒకే నోరు. నాదస్వరం, డోలు కలిసి వినిపిస్తే అది వాటి లెక్కకు అందదు. కాలర్ ట్యూన్‌లో పాట నీళ్లలో మునిగినట్టు వినిపించడానికి కారణం ప్రధానంగా ఇదే. పెళ్లి పందిట్లో నిలబడి ఫోన్ చేస్తే వెనక మేళం వికృతంగా వినిపించడమూ ఇందుకే. 2012లో ప్రమాణమైన ఓపస్ దీనికి దారి చూపింది. అందులో రెండు కోడెక్‌లు ఉన్నాయి: ఒకటి గొంతు నమూనా మీద నడిచేది, రెండోది సంగీతానికీ పనికొచ్చేది. అవసరాన్ని బట్టి దేన్నైనా, లేదా రెండింటినీ కలిపైనా వాడుతుంది. వాట్సాప్‌లో మనం పంపే వాయిస్ మెసేజ్‌లు ఓపస్‌లోనే వెళతాయి.

ఇంకో ఖరీదు ఆలస్యం. 20 మిల్లీసెకన్ల ఫ్రేమ్ పంపాలంటే అది పూర్తయ్యేదాకా ఆగాలి. ఎక్కువ ఆగితే ఎక్కువ కుదించవచ్చు. కానీ ఆలస్యం పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయే గందరగోళం వస్తుంది. బిట్లు, నాణ్యత, ఆలస్యం, లెక్కల భారం: నాలుగింటిలో ఒకదాన్ని మెరుగుపరిస్తే ఇంకొకదానిలో నష్టపోవాలి. సంభాషణకు కోడ్ ఎంచుకునేటప్పుడు ఆలస్యాన్ని పట్టించుకోవాలి, దాచుకుని తర్వాత వినే వాయిస్ మెసేజ్‌కు అంతగా అక్కర్లేదు.

దారులు వెడల్పయ్యాక ఇంజనీర్లు మొదటి కోతను కూడా సరిదిద్దారు. ఏఎంఆర్-వైడ్‌బ్యాండ్ కోడెక్ 50 నుంచి 7,000 హెర్ట్జ్ వరకు పంపుతుంది. వీవోఎల్‌టీఈ కాల్స్‌లో అవతలివాళ్లు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపిస్తే కారణం ఇదే. పోయిన "స" బుస తిరిగి వచ్చింది. 2014లో వచ్చిన ఈవీఎస్ ఇంకా పైకి వెళ్లింది.

నేర్చుకున్న పుస్తకాలు

గత కొన్నేళ్లలో పుస్తకం రాసే పని మనుషుల నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌ల చేతికి వెళ్లింది. గూగుల్ 2021లో సౌండ్‌స్ట్రీమ్‌ను, మెటా 2022లో ఎన్‌కోడెక్‌ను ప్రకటించాయి. గొంతు ఎలా ఉంటుందో, తంత్రులు ఎలా అదురుతాయో వీటికి ఎవరూ చెప్పలేదు. వేల గంటల శబ్దాలు విని అవే నేర్చుకున్నాయి. ఎన్‌కోడెక్ సెకను మాటను 75 ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ మొదటి పుస్తకంలో దగ్గరి పద్దును వెతుకుతుంది. మిగిలిన తేడాకు రెండో పుస్తకంలో, ఇంకా మిగిలినదానికి మూడో పుస్తకంలో. ఒక్కో పుస్తకంలో 1,024 పద్దులు, అంటే 10 బిట్లు. నాలుగు పుస్తకాలైతే 75 ముక్కలకు సెకనుకు 3,000 బిట్లు. 1985లో అటల్, ష్రోడర్ ఎంచుకున్నదీ 1,024 ముక్కలే. పుస్తకం పరిమాణం అప్పటిదే, దాన్ని చదివే యంత్రానికి ముందే తెలిసినది మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. పైగా ఈ పద్దుల నంబర్లు ఇప్పుడు మాట్లాడే కృత్రిమ మేధకు అక్షరాలయ్యాయి. మాటను నంబర్ల వరసగా చూసి తర్వాతి నంబరును ఊహించడం 2022లో గూగుల్ ఆడియోఎల్ఎంతో వెలుగులోకి వచ్చింది.

పాత కోడ్‌లు ఓడిపోతే గరగరలాడేవి, గొంతు తెగేది. వినేవారికి ఏదో పోయిందని తెలిసేది. నేర్చుకున్న కోడ్ ఓడిపోయినప్పుడు అలా తెలియకపోవచ్చు. తనకు సరిగా అందని చోట తాను విన్న ధ్వనుల్లో దేన్నో ఒకదాన్ని శుభ్రంగా పలికేయగలదు. "కళ" అంటే "కల" అనో, "కణం" అంటే "కనం" అనో మృదువుగా, ఏ గరగరా లేకుండా వినిపిస్తే తప్పు జరిగిందని ఎవరు పట్టుకుంటారు? ఇంగ్లిష్‌లో ళ, ణ లేవు. అందులో మహాప్రాణాల ఒత్తు అర్థాన్ని మార్చదు. ఆ భాష ఎక్కువగా విన్న యంత్రానికి అవి పెద్దగా పట్టించుకోదగ్గ తేడాలుగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కోడెక్‌ల నాణ్యతను చివరకు తేల్చేది చెవులే. శ్రోతలను కూర్చోబెట్టి, మాట ఎంత బాగుందో 1 నుంచి 5 వరకు మార్కులు వేయిస్తారు. దాంతోపాటు ఒకే ఒక్క ధ్వని తేడా ఉన్న జంట పదాలు వినిపించి, ఏది విన్నారో చెప్పమనే పరీక్షలూ ఉన్నాయి. ఇంగ్లిష్‌కు అలాంటి జంటల పట్టికలు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. మార్కుల పరీక్ష మృదుత్వాన్ని కొలుస్తుంది, జంటల పరీక్ష నిజాయితీని కొలుస్తుంది. నేర్చుకున్న కోడ్‌లకు రెండోది మరీ అవసరం. కల–కళ, పల–పాల, కనం–కణం లాంటి జంటలు పలికించి, తెలుగు చెవులతో విని, ఎన్ని తారుమారయ్యాయో లెక్కపెట్టాలి. ఆ పరీక్ష నెగ్గకుండా బిట్లు ఎంత తగ్గినా, తెలుగు వరకు ఆ కోడ్‌ను సమర్థమైనదని అనలేం. ఎందుకంటే ఇద్దరికీ ముందే తెలుసని వదిలేసినది నిజంగా ఇద్దరికీ తెలిసినప్పుడే ఆ పొదుపు పొదుపవుతుంది.